కంటికి అందే దరఖాస్తు
(బాన్సువాడ వార్షిక సభలో సంఘం పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు దరఖాస్తు అంటే తెల్లకాగితం, స్టాంపు, ఆఫీసు మెట్లు. 2011లో మీసేవ వచ్చిన తరువాత ధ్రువపత్రాలు మొదలుకొని ఎన్నో పనులు కంప్యూటరు తెర మీదికి ఎక్కినవి. సౌకర్యము పెరిగిన మాట నిజమే. గాని తెర మీద ఏమున్నదో దరఖాస్తుదారుకే తెలియకపోతే, ఆ మెట్లకు బదులు ఈ మెట్లు ఎక్కినట్లే గదా!

చదువు రానివారికి చూపించి చెప్పడం మన దేశానికి కొత్త కాదు. 1951-52 సాధారణ ఎన్నికల్లో ప్రతి అభ్యర్థికి వేరే పెట్టె, పెట్టె మీద గుర్తు పెట్టారు. అక్షరం రానివారు కూడా బొమ్మ చూచి తమ ఓటు తామే వేసినారు. తెర తయారుచేసేవారు కూడా ముందుగా చూపేవాని సంగతి కాదు, చూసేవాని సంగతి ఆలోచించాలి.

మన లిపుల సంగతే చూడండి. తెలుగుకు వత్తులుంటాయి, వరుసలు ఇరుకైతే ఒకదానికొకటి తగులుతాయి. ఉర్దూ నస్తాలీఖ్ రాత వాలుగా దిగుతుంది. దానికీ జాగా కావాలె. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయినది. అయితే ఎడమ నుండి నడిచే పేజీలో నాలుగు ఉర్దూ మాటలు అతికిస్తే చాలదు. పేజీ అమరికే కుడి నుండి మొదలుకావాలి. మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని, తప్పును రంగుతో మాత్రమే చూపరాదని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెప్తున్నవి. ముసలి కళ్ళకు ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేర్లది. ఇంగ్లీషులో ఒక కాగితం మీద మొహమ్మద్ అని పూర్తిగా, ఇంకొకదాని మీద ఎం.డి. అని పొట్టిగా ఉంటుంది. మనిషికి రెండూ ఒకటే. కంప్యూటరుకు ఇద్దరు మనుషులు! షేక్ చివర ఒక అక్షరం తేడా వచ్చినా అంతే. పిల్లవాని స్కాలర్‌షిప్పు, ముసలామె పింఛను అక్కడ ఆగుతాయి. చివరి బటన్ నొక్కకముందే పేరు, పుట్టిన తేది, ఖాతా నంబరు పెద్ద అక్షరాలతో ఒక్కచోట చూపిస్తే సగం చిక్కు అక్కడనే తీరుతుంది.

కావున సభ్యులకు మా మనవి. దరఖాస్తు పంపేముందు తెర మీ వైపు తిప్పమని అడగండి. పేరు చదివించి వినండి. రశీదు లేనిది లేవకండి. మన సంఘం నోటీసు బోర్డు మీద కూడా ఇకనుంచి ముందు ఆఖరు తేది, తరువాత కావలసిన కాగితాలు, ఆపైన కలవవలసిన చోటు — తెలుగులో, ఉర్దూలో — దూరం నుంచి కనిపించేలా రాద్దాము. ప్రభుత్వాన్ని అడిగే మాట ముందు మన గోడ మీద చేసి చూపుదాము.