తీరిగ్గా తీయాల్సిన నీరు
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున మనం ఈ సభ జరుపుకుంటున్నామో ఆ డాక్టరుగారు కిడ్నీ వైద్యులు. అయినా రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఆయన చెయ్యి ముందు పేషెంటు చీలమండ మీదికే వెళ్లేది. బొటనవేలితో నొక్కి, పడ్డ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి, ఆ తరవాత మెడ దగ్గరి నరం చూసేవారు. కిడ్నీలు పోయిన మనిషి ప్రాణానికి అసలు గండం గుండె దగ్గరుందని ఆయన గట్టిగా నమ్మారు. ఆ మాట వెనక చాలా పాత చరిత్ర ఉంది.

లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో రిచర్డ్ బ్రైట్ కిడ్నీ జబ్బుతో పోయినవారి శరీరాలను పరీక్షించి, వారిలో చాలామందికి గుండె పెరిగి, మందమెక్కి ఉందని 1836లో రాశారు. బీపీ చూసే పరికరం ఇంకా లేని రోజులవి. చూపే ఆయన పరికరం. ఆ తరవాత నూరేళ్లకు పైగా ఈ విషయం పుస్తకాల్లోనే ఉండిపోయింది. కిడ్నీలు పూర్తిగా చెడినవారు గుండె సంగతి ఆలోచించుకునేంత కాలం బతికేవారు కారు మరి.

1943లో నెదర్లాండ్స్‌లోని కంపెన్ అనే ఊళ్లో, జర్మన్ల ఆక్రమణ కింద, విలెం కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టాన్ని తిరిగే పీపాకు చుట్టి కృత్రిమ కిడ్నీ తయారుచేశారు. దానివల్ల బతికి బట్టకట్టిన మొదటి పేషెంటును చూడడానికి ఆయన 1945 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికీ అది కొన్నాళ్ల గండం గట్టెక్కించే వైద్యమే. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాల్లో టెఫ్లాన్ గొట్టం అమర్చి, మళ్లీ మళ్లీ డయాలసిస్ చేసే దారి తెరిచారు. ఆ గొట్టం పెట్టించుకున్న తొలి పేషెంటు క్లైడ్ షీల్డ్స్ మరో పదకొండేళ్లు బతికారు. 1971లో ఆయన గుండెపోటుతో పోయారు. కిడ్నీ జబ్బు తీసుకుపోవాల్సిన మనిషిని మిషను కాపాడింది, గుండె మాత్రం తట్టుకోలేకపోయింది.

1974లో స్క్రిబ్నర్ బృందమే తమ దగ్గర ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకున్న 39 మంది చరిత్ర ప్రచురించింది. అంతగా వయసు మీరనివారిలో కూడా రక్తనాళాలు త్వరత్వరగా పూడుకుపోతున్నాయని అందులో చెప్పారు. సొంత వైద్యంలోని లోటును తామే లోకానికి చెప్పిన ఆ నిజాయితీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

పూడికలంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కొలెస్ట్రాల్. దానికి మందులున్నాయి కాబట్టి ఆశలూ పెరిగాయి. 2005లో జర్మనీలో షుగరున్న పన్నెండు వందలమందికి పైగా డయాలసిస్ పేషెంట్లలో అటోర్వాస్టాటిన్‌ను, 2009లో పలు దేశాల్లో దాదాపు 2,800 మందిలో రోసువాస్టాటిన్‌ను పరీక్షించారు. కొలెస్ట్రాల్ తగ్గింది. గుండె చావులు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. వీరిలో చాలామందిని తీసుకుపోయేది పూడిక ఒక్కటే కాదు. గుండె గోడ మందమెక్కడం, పొటాషియం ఎక్కువై లయ తప్పడం, ఉన్నట్టుండి గుండె ఆగిపోవడం ఉన్నాయి. (ఇప్పటికే ఈ మాత్రలు వేసుకుంటున్నవారు నా మాట విని మానేయకండి, మీ డాక్టరును అడగండి.)

ఒంట్లో చేరే నీటినీ, బీపీనీ అదుపులో పెట్టే అసలు దారి ఫ్రాన్స్‌లో కనిపించింది. లియాన్ పక్కనున్న తస్సాఁలో వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ఎనిమిదేసి గంటలు డయాలసిస్ చేస్తూ, తిండిలో ఉప్పు బాగా తగ్గించేవారు. అక్కడివారిలో చాలామందికి బీపీ మాత్రల అవసరమే లేకపోయింది. మిగతా లోకం మాత్రం మిషన్ల శక్తి పెరిగినకొద్దీ గంటలు తగ్గించుకుంటూ పోయింది.

అందులో నష్టమేమిటో తెలియాలంటే తూకం మిషను దగ్గర నిలబడాలి. చెప్పులు విడిచి ఒకావిడ ఎక్కుతారు. నీరు లేని అసలు బరువు, అంటే డ్రై వెయిట్, 60 కిలోలు. ముల్లు 63 మీద ఆగుతుంది. "ఏంటమ్మా, మూడు కిలోలు పెరిగారు?" అని సిస్టరు అడిగితే, "మేనకోడలి పెళ్లమ్మా, పప్పులో ఆవకాయ వేసుకున్నా" అంటారు. ఎనిమిది గ్రాముల ఉప్పు, అంటే దాదాపు చెంచాన్నర, ఒంట్లో ఒక లీటరు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ మూడు లీటర్లూ నాలుగు గంటల్లో లాగాలంటే గంటకు 750 మిల్లీలీటర్లు. ఆవిడ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే నాలుగు లీటర్లు! మూడో గంటకు ఆవులింతలు, పిక్కలు పట్టేయడం, బీపీ పడిపోవడం. ఇంగ్లండ్‌లో క్రిస్ మెకింటైర్ బృందం డయాలసిస్ జరుగుతుండగానే స్కాన్ తీసి చూస్తే, ఆ సమయంలో గుండె గోడలో కొన్ని భాగాలు కదలిక తగ్గి స్తంభించాయి. మళ్లీ మళ్లీ అలా జరిగితే కండరం శాశ్వతంగా చెడుతుంది. గంటకు, బరువులో కిలోకు 13 మిల్లీలీటర్లు మించి తీసినవారిలో చావులు ఎక్కువని 2011లో అమెరికా లెక్కలు చెప్పాయి. మన పెళ్లింటి ఆవిడ ఆ గీతకు వెంట్రుకవాసిలో ఉన్నారు.

అదే ఏడాది మరో లెక్కా వచ్చింది. వారానికి మూడుసార్లు వచ్చేవారిలో కూడా, రెండు రోజుల ఎడం తరవాత వచ్చే రోజున చావులు, గుండె ఇబ్బందులు ఎక్కువ. మందుల సంగతికొస్తే, 2025లో కెనడా, ఆస్ట్రేలియాల నుంచి రోజుకు నాలుగు గ్రాముల చేపనూనె గుండె గండాలు తగ్గించిందన్న వార్త వచ్చింది. సంతోషమే. కానీ ఉప్పూ, గంటలూ చేయాల్సిన పని గుళిక చేయదు.

ఇక మన సంగతి. ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకూ డయాలసిస్ అందింది. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ బాధితుల కోసం 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి మొదలైంది. ఇవి చిన్న విషయాలు కావు. అయినా మన దగ్గర ఎంతోమంది వారానికి రెండుసార్లే వస్తారు. రెండు రోజుల ఎడమే గండమైతే, ప్రతి వారం ఒకసారి రెండు, ఒకసారి మూడు రోజులు ఆగే మనవాళ్ల మాటేమిటి? ఉద్దానం కొబ్బరితోటల మధ్య బతికేవారికి కొబ్బరినీళ్లు చలవ అని నమ్మకం. వాటిలోని పొటాషియం ఆ ఎడంలో గుండె మీదికి వస్తుందని వారికి ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి.

మూడోసారి రానివాళ్లను మనం మొండివాళ్లంటాం. బస్సు ఛార్జీలు, తోడు వచ్చే కొడుకు పోగొట్టుకునే ఆ రోజు కూలి ఎవరూ లెక్క కట్టరు. డాక్టరుగారి పేరున వచ్చే విరాళాలను ఈ ఏడు దేనికి వాడమంటారని నిర్వాహకులు నన్ను అడిగారు. కొత్త పరికరం వద్దన్నాను. వారానికి రెండుసార్లే వస్తున్నవారి జాబితా తీసి, మూడో ప్రయాణానికి ఛార్జీలూ, తోడు వచ్చినవారికి భోజనమూ ఇమ్మన్నాను.