నవలలో నిలిచిన ఊళ్లు
(మియాపూర్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నవలలో కథ కల్పితము, అందలి మనుష్యులు కల్పితులు. కాని ఆ మనుష్యులు నడచిన బాటలు, దిగిన రైలు స్టేషనులు నిజమైనవైనచో చదువరికి కలుగు సంతోషము వేరు. పుస్తకము మూసి, ఆ ఊరికి పోయి చూచి రావచ్చును. అట్టి నవలలు రెండింటిని గూర్చి నేడు ముచ్చటించుకొనుట ఉచితము.

మొదటిది చెకు భాషలోనిది. యారోస్లవ్ హాషెక్ (1883–1923) రచించిన "మంచి సైనికుడు ష్వేయిక్" 1921 మొదలుకొని 1923 వరకు వెలువడి, రచయిత మరణముతో అసంపూర్ణముగా నిలిచిపోయినది. 1914లో మొదలైన మహాయుద్ధమున ఆస్ట్రియా చక్రవర్తి సైన్యములో చేరిన ఒక సామాన్యుని కథ ఇది. అతడు అమాయకుడో, అమాయకునివలె నటించువాడో తుదివరకు తేలదు. ప్రాగ్ నగరమున అతడు కూర్చుండు "ఉ కలిఖా" మధుశాల నిజముగా నున్నదే. ఈగలు మలినము చేయుచున్నవని చక్రవర్తి పటమును గోడమీదనుండి తీసివేసితినని పలికినందుకు ఆ మధుశాల యజమాని చెరసాల పాలగును. ఆ రాజ్యము ఎంత భయగ్రస్తమైనదో చెప్పుటకు ఆ ఈగలే చాలును.

ఆపైన ష్వేయిక్ తాబోర్ పట్టణమున రైలు తప్పి, తన దళమున్న బుడ్యెయోవిత్సెకు కాలినడకన బయలుదేరును. ఆ ఊరు తాబోర్‌కు దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్నది. ఇతడు పడమటికి తిరిగి, ఊరూరును దాటి, పుతిమ్ చేరును. మరల స్త్రకొనిత్సె, వొద్న్యని, ప్రొతివీన్ చుట్టి, తిరిగి ఆ పుతిమ్‌లోనే తేలును. అచటి పోలీసు అధికారి ఇతనిని శత్రువుల గూఢచారిగా నెంచును. ఈ ఊళ్లన్నియు నేటికిని ఉన్నవి. పటము ముందుంచుకొని చదివినవారికి ఆ ప్రదక్షిణము కంటికి కట్టి, నవ్వు రెట్టింపగును. హాషెక్ స్వయముగా బుడ్యెయోవిత్సెలోని 91వ పదాతి దళమున పనిచేసి, 1915లో రష్యనులకు బందీ యయ్యెను. అతడు ఎరిగిన నేలనే వ్రాసెను.

రెండవది మన యింటిది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి (1892–1973) "బారిష్టర్ పార్వతీశం" తొలి భాగము 1920ల దశకమున వెలువడినది. పార్వతీశముది పశ్చిమ గోదావరిలోని మొగల్తూరు. చదువు నరసాపురము టైలరు హైస్కూలులో. మద్రాసు–కలకత్తా రైలు మార్గము నిడదవోలు మీదుగా పోవును గనుక అతడు అచటికి చేరి రైలెక్కును. మద్రాసు, కొలంబో, మార్సేల్స్, పారిస్, లండన్ దాటి ఎడింబరో చేరును. శాస్త్రిగారు తామును ఎడింబరోలో చదివినవారే. మొగల్తూరును లోకమంతకు కేంద్రముగా భావించు పిల్లవాడు లోకము మధ్యకు పోయి తికమక పడుటయే ఇందలి హాస్యము. ఆ ఊరు పేరులేని "ఒకానొక గ్రామము" అయినచో ఆ రసము సగము చప్పబడి యుండెడిది.

దీనినిబట్టి తేలునది యేమి? నిజమైన ఊరిపేరు రచయితకు పగ్గము వంటిది. దూరములు, దిక్కులు అతడు ఇష్టము వచ్చినట్లు మార్పజాలడు. ఎరిగినవారు వెంటనే పట్టుకొందురు. చదువరికి మాత్రము ఒక జాగ్రత్త అవసరము. మొగల్తూరు నిజమైనంత మాత్రమున పార్వతీశము నిజము కాడు. నవలను చరిత్రగా చదువరాదు. చరిత్ర చెప్పని నడకను, పలుకుబడిని, భయమును అందు వెదకుకొనవచ్చును.

ఇక మియాపూర్ మాట. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసినది. 2017 నవంబరు 28న మియాపూర్ నుండి నాగోలు వరకు 30 కిలోమీటర్ల మెట్రో రైలు మార్గము ప్రారంభమైనది. స్టేషను పలకపై ఊరిపేరు భద్రముగా నున్నది. కాని పటేల్ చెరువు, గుర్నాథం చెరువు అను పేర్లు ఈ భవనములలో పెరుగు పిల్లలలో ఎందరికి తెలియును? ఆ చెరువుల క్రింద ఏ పైరు పండెనో, ఏ బాట మదీనాగూడకు పోయెనో చెప్పగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు. వారితోపాటు ఆ పేర్లును పోవును. ఒకసారి పోయిన పేరును ఏ ధనమును తిరిగి తేజాలదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న పని తలపెట్టుట యుక్తము. గ్రంథాలయపు బల్లమీద ఒక లావుపాటి పుస్తకము ఉంచవలెను. చెరువు, కుంట, బావి, బండ, బాట, వీటి పేర్లను ఎరిగిన పెద్దలు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను. చెప్పినవారి పేరును, తేదీని కూడ వ్రాయవలెను. ఇరువురు వేరుగా చెప్పినచో రెండును వ్రాయవలెను. దీనికి ఖర్చు స్వల్పము, ఓపిక అధికము. రేపు ఈ ఊరినుండి ఒక నవలాకారుడు బయలుదేరినచో, అతని కథానాయకుడు నడచుటకు నిజమైన బాట ఒకటి సిద్ధముగా నుండును. అట్టివాడు రాకపోయినను నష్టము లేదు. తాము నిలిచిన నేల పేరేమో మన పిల్లలకు తెలిసి యుండును.