ఫొటోను బాగుచేద్దాం, మనిషిని మార్చొద్దు

(పాత ఫొటోల శిక్షణ శిబిరంలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక సంచిక కోసం ఇళ్లలో ఉన్న పాత ఫొటోలు తెమ్మంటే మీరంతా తెచ్చారు. కొన్ని చెమ్మకు మరకలు పడ్డాయి, కొన్ని పొగకు పసుపెక్కాయి, కొన్ని ఫ్రేము అద్దానికి అంటుకుపోయాయి. వీటిని కంప్యూటర్లో ఎలా బాగుచేయాలో చెప్పడానికే వచ్చాం. అంతకంటే ముందు మేం చేసిన ఒక తప్పు చెప్పాలి.

మొదట్లో ఒక సభకు బ్యానర్ కట్టాం. అందులో ఒక అవ్వ ఫొటో పెట్టాం. పని కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ముఖం మీద మచ్చలన్నీ తుడిచాం, కాస్త తెల్లగా కూడా చేశాం. చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఆమె మనవరాలు మాత్రం చాలాసేపు చూసి, "ఈమె మా అవ్వ కాదు" అంది. మేం మచ్చలనుకొని తుడిచినవాటిలో అవ్వ నుదుటి పచ్చబొట్టు కూడా ఉంది. ఆ రోజు తలెత్తుకోలేకపోయాం. అందుకే ఈ రోజు ప్రతి టూల్ గురించి రెండు మాటలు చెబుతాం: దానితో ఏం చేయాలి, ఏం చేయకూడదు.

మేం వాడేది జింప్. 1996 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఉచితం. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. పాత కంప్యూటరైనా మన పనికి సరిపోతుంది.

మొదటి పని, ఫొటోను కంప్యూటర్లోకి తేవడం. స్కానర్ ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయండి. 300 డీపీఐలో అచ్చు వేసినప్పుడు అసలు సైజుకు రెట్టింపు వరకు స్పష్టంగా వస్తుంది. స్కానర్ లేకపోతే ఫోన్ చాలు. ఫొటోను కిటికీ దగ్గర నీడలో పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను సరిగ్గా పైన పట్టుకొని తీయండి. అద్దానికి అంటుకున్న ఫొటోను మాత్రం పీకకండి, పొర ఊడి వస్తుంది. అద్దంతోనే తీయండి. అద్దంలో మీ నీడ పడుతుంటే ఫోన్ వెనక నల్లగుడ్డ అడ్డం పెట్టండి. మాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది.

రెండోది, అసలు ఫైలును ముట్టుకోవద్దు. దాన్ని వేరే ఫోల్డర్లో పెట్టి, కాపీ మీద పని చేయండి. జింప్‌లో తెరిచాక లేయర్ మెనూలో డూప్లికేట్ లేయర్ నొక్కండి. కింద అసలు బొమ్మ, పైన మన పని. పై లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే అది దాగి, కింది బొమ్మ కనబడుతుంది. ఎంత మార్చామో అప్పుడు తెలుస్తుంది. తప్పు జరిగితే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కండి.

మూడోది లెవెల్స్. ఇది కలర్స్ మెనూలో ఉంటుంది. గుట్టలా ఒక గ్రాఫ్, దాని కింద మూడు త్రికోణాలు కనిపిస్తాయి. నల్ల త్రికోణాన్ని గుట్ట మొదలయ్యే చోటికి, తెల్లదాన్ని గుట్ట ముగిసే చోటికి జరపండి. వెలిసిపోయిన ఫొటో తేరుకుంటుంది. మధ్య త్రికోణాన్ని ఎడమకు జరిపితే బొమ్మంతా తెల్లబడుతుంది. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. నీడలో ఉన్న కళ్లు కనబడేంత వరకు జరపండి, అంతకు మించి వద్దు. మన ఒంటి రంగు బాగుచేయాల్సిన లోపం కాదు. నలుపు తెలుపు ఫొటో పసుపెక్కితే అదే మెనూలో డీశాచురేట్ వాడండి. యాప్‌లతో రంగులు వేయించకండి. అవ్వ చీర ఏ రంగో యాప్‌కు తెలియదు, ఊహించి వేస్తుంది. రేపు పిల్లలు అదే నిజమనుకుంటారు.

నాలుగోది హీల్, క్లోన్. హీల్ తీసుకొని, కంట్రోల్ పట్టుకొని మరక పక్కన శుభ్రంగా ఉన్న చోట నొక్కండి. తర్వాత కంట్రోల్ వదిలి మరక మీద అద్దండి. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. చీర అంచు దగ్గర హీల్ చేస్తే అలుక్కుపోతుంది, అక్కడ క్లోన్ వాడండి. అది ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. బ్రష్ మరక కంటే కొంచెమే పెద్దగా ఉండాలి. ముఖం మీద చేయి పెట్టే ముందు ఆ ఇంటివాళ్లను పిలిచి అడగండి: ఇది మరకా, పచ్చబొట్టా, దెబ్బ గుర్తా? చిరిగిపోయిన చోట కన్నో ముక్కో లేకపోతే ఊహించి గీయకండి, అలాగే వదిలేయండి.

అయిదోది క్రాప్. దండారి ఫొటో తీసుకుంటే గుస్సాడీ నెమలి ఈకల కిరీటం మీదే చూపు పోతుంది. మూలన డోలు కొట్టేవాళ్లు ఉంటారు, కిక్రి పట్టుకున్న పర్ధాన్ ఉంటాడు. అందంగా కనబడుతుందని మూల కోసేస్తే చరిత్రలోంచి వాళ్లను తీసేసినట్టే. ఫొటో చుట్టూ ఉన్న ఖాళీ అంచులు తప్ప ఏమీ కోయకండి.

చివరిది సేవ్. జింప్‌లో సేవ్ చేస్తే ఎక్స్‌సీఎఫ్ ఫైలు వస్తుంది, అందులో లేయర్లన్నీ ఉంటాయి. సంచికకు పంపడానికి ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి జేపెగ్ చేయండి. జేపెగ్‌ను తెరిచి మళ్లీ మళ్లీ సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. మార్పులేమైనా ఉంటే ఎక్స్‌సీఎఫ్‌లోనే చేయండి. ఆరంగుళాలు, నాలుగంగుళాల అచ్చుకు 1800, 1200 పిక్సెళ్లు ఉండాలి. చిన్న ఫొటోను స్కేల్ ఇమేజ్‌తో సాగదీస్తే సైజు పెరుగుతుంది గాని స్పష్టత రాదు.

ఫొటో మీద పేర్లు రాయకండి. ఇమేజ్ మెనూలో క్యాన్వాస్ సైజ్ పెంచి, కింద ఖాళీ చేసుకొని అక్కడ రాయండి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. మనిషి పేరు, ఊరు తెలుగులో ఒక వరుస, మన లిపిలో ఒక వరుస వేద్దాం.

1940ల్లో హైమెండార్ఫ్ గారు మన ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. మన ఇంటి గోడకు వేలాడే ఫొటోకు అలాంటి కాపలా లేదు. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే కొన్ని ముఖాలు మిగలవు. పేర్లు చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇంటికి వెళ్లగానే ఫొటో పట్టుకొని వాళ్ల పక్కన కూర్చోండి. ముందు పేర్లు రాసుకోండి, తర్వాతే కంప్యూటర్ తెరవండి.

ఆ అవ్వ ఫొటోను మేం అసలు కాపీ నుంచి మళ్లీ చేశాం. ఈసారి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని చేశాం. ఆ ఫొటో ఈ సంచికలోనే ఉంది, నుదుటి పచ్చబొట్టుతో సహా.