బడికి ముందు ఒక బొమ్మల పుస్తకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడి రోజుల గురించి పెద్దలు చాలా చెప్పారు. ఒకటో తరగతికి చాలాకాలం పాఠాలు చెప్పినవాడిగా నేను బడికి ముందు రోజుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళ్లేకొద్దీ, ఐదారేళ్ల పిల్లకు బడి రెండు విధాల కొత్త. గంట, వరుస, కొత్త మనుషులు ఒకటి. భాష రెండోది. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. దాహమేసి 'ఏరు' అన్న పిల్ల వాగుకు పోతానంటోందని టీచరు కసిరితే, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. కొన్నాళ్లకు హాజరుపట్టీలో పేరుంటుంది, పిల్ల ఉండదు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల చదువు మొదలుపెట్టారు. అందులో కోయ ఒకటి. తెలుగు లిపిలోనే పాఠాలు అచ్చువేశారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు ఇంటి భాషలోనే చెప్పమంది. ఇవన్నీ బడిలో చేరాక అందేవి. అంతకుముందే ఇంట్లో అందే పుస్తకం ఒకటి కావాలి.

పన్నెండు పేజీలు చాలు. పేజీకో బొమ్మ, కింద కోయలో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం. 1658లోనే కొమీనియస్ లాటిన్ మాట పక్కన జర్మన్ మాట పెట్టి పిల్లలకు బొమ్మల పుస్తకం వేశాడు. మనకు ఐరావతం, ఋషి ఇప్పుడే వద్దు. ఇప్పచెట్టు, తడికల ఇల్లు, సంత ఉండాలి. ఆ దారిలోనే బడి రావాలి: గంట, మంచినీళ్లు అడగడం, ఒంటికి పోవాలంటే ఎవరికి చెప్పాలో, మధ్యాహ్నం పళ్లెం, పక్కన కూర్చునే పిల్ల. చివరి పేజీలో సాయంత్రం అమ్మ. మొదటిరోజు ఏడ్చే పిల్లకు ముందుగా తెలియాల్సింది ఆ సంగతే.

ఆశ్రమ పాఠశాలలో చేరే పిల్లకు మాత్రం ఆ బొమ్మ అబద్ధమవుతుంది. వాళ్లకు వేరే చివరి పేజీ వేయాలి: రాత్రి పడుకునే చోటు, తోడు పడుకునే అక్క, అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చే రోజు. పిల్లలకు ఉన్నదున్నట్టు చెబితేనే మన మాట నమ్ముతారు.

చదువురాని అవ్వ కూడా బొమ్మ చూపి కథ చెప్పగలదు. కాబట్టి ఈ పుస్తకం ఏప్రిల్‌లోనే, అంగన్‌వాడీ టీచర్ల ద్వారా ఇళ్లకు చేరాలి. జూన్ దాకా ఆగితే లాభం లేదు.

స్వర్ణోత్సవ నిధిలో కొంత దీనికి కేటాయించమని సంఘాన్ని కోరుతున్నాను. మనలో బొమ్మలు వేసేవారున్నారు, కోయ ఇంటి భాషగా పెరిగినవారున్నారు. కోయ వాక్యాలు వారే రాయాలి. ఊరు మారితే మాట కొంత మారుతుంది గనుక అచ్చుకిచ్చే ముందు ఆ ఊరి అవ్వలకు చదివి వినిపించాలి.

ఈ పనిలో చేయి వేసేవారు భోజనాల దగ్గర నాకు పేరు ఇవ్వండి. సెలవు.