హఖ్ నుంచి హక్కు దాకా: నిలోఫర్ బేగం జీవితం నేర్పే పాఠం

(ఒక మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిలోఫర్ అనే పేరు వినగానే హైదరాబాదు వాసులకు రెండు సంగతులు స్ఫురిస్తాయి. ఒకటి రెడ్ హిల్స్‌లోని పిల్లల ఆసుపత్రి. రెండవది ఆ పరిసరాలలోనే పుట్టి పేరు తెచ్చుకున్న చాయ్. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని పాలమూరు నుంచో, ఆదిలాబాదు నుంచో, బీదరు నుంచో వచ్చే తల్లికి అది ఒక బస్తీ పేరు వంటిదే. ఆ పేరు గల ఒక స్త్రీ ఈ నగరంలో ఇరవై ఏళ్లపాటు జీవించిందని ఆమెకు తెలియదు. తెలిసినవారు కూడా ఆ స్త్రీ అందచందాలను గురించి, జరీ చీరలను గురించి, విందులను గురించే చెప్పుకుంటారు. ఈ రోజు నేను వాటిని ప్రస్తావించి దాటిపోతాను. ఒక పనిమనిషి మరణం ఒక రాచకోడలిని ఎక్కడికి నడిపించిందో, ఆ నడక మన సమాజాన్ని ఈనాడు ఏమని ప్రశ్నిస్తున్నదో మీ ముందుంచుతాను.

ఖిలాఫత్ కూలిన ఇంటి బిడ్డ

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో జన్మించింది. తల్లి ఆదిలే, ఉస్మానియా సుల్తాను ఐదవ మురాద్ మనుమరాలు. నిలోఫర్ పసితనంలోనే తండ్రి మరణించాడు. 1924 మార్చిలో టర్కీ ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసి రాజవంశీయులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టింది. ఎనిమిదేళ్ల ఆ బాలిక తల్లితోపాటు ఫ్రాన్సులోని నీస్ నగరం చేరింది. పేరుకు రాజకుమారియే గాని, ఆమె పెరిగింది దేశంలేని కాందిశీకురాలిగా.

ఆ కాలంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పదవీచ్యుతుడైన ఖలీఫాకు భరణం పంపుతుండేవాడు. మౌలానా షౌకత్ అలీ చొరవతో రెండు వంశాల మధ్య వియ్యం కుదిరింది. 1931 నవంబరు 12న నీస్‌లో ఖలీఫా కుమార్తె దుర్రు షెహ్వార్‌కు నిజాం పెద్ద కుమారుడు ఆజం జాహ్‌తోను, నిలోఫర్‌కు రెండవ కుమారుడు మొఅజ్జం జాహ్‌తోను నికాహ్ జరిగింది. అప్పటికి నిలోఫర్‌కు పదహారేళ్లు కూడా నిండలేదు. మన ఇళ్లలో ఆ వయసు ఆడపిల్ల బడిలో ఉండాలని ఈనాడు మనం పోరాడుతున్నాం. రాజభవనంలోనైనా బాల్యం బాల్యమే.

హైదరాబాదులో ఆమె పరదా వెనుక ఉండిపోలేదు. సభలకు వెళ్లేది, లేడీ హైదరీ క్లబ్బు కార్యక్రమాలలో పాల్గొనేది. ప్రపంచంలోని మహా సౌందర్యవతులలో ఆమె ఒకరని పత్రికలు రాసేవి. ఆమె ధరించిన చీరల తీరును నగరంలోని సంపన్న స్త్రీలు అనుకరించేవారు. ఆ వైభవం నడుమ రెండు విషయాలు ఎక్కువమంది దృష్టికి రాలేదు. మొదటిది, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆమె నర్సుగా శిక్షణ పొంది సహాయక కార్యక్రమాలలో పనిచేసింది. రెండవది, ఆమెకు సంతానం కలుగలేదు. ఐరోపాలో వైద్యం చేయించుకున్నా ఫలితం లేకపోయింది. 1948లో భర్త మరొక వివాహం చేసుకున్నాడు.

సంతానం లేని స్త్రీని మన సమాజం ఏ చూపు చూస్తుందో ఇక్కడ కూర్చున్న అక్కచెల్లెళ్లకు నేను వివరించనక్కరలేదు. శుభకార్యాలలో వెనుక వరుస, బంధువుల నోట జాలి మాటలు, తప్పు ఎవరిదో పరీక్షించకముందే తీర్పు. ఆ నిందకు పేద ఇల్లు, పెద్ద ఇల్లు అనే తేడా లేదు. తనకు బిడ్డలు లేరు గనుక పిల్లల ఆసుపత్రి కట్టించింది అని చాలామంది ఆమె కథను ముగిస్తారు. ఆ ముగింపు ఆమెకు న్యాయం చేయదు. ఆ ఆసుపత్రి వెనుక మరొక స్త్రీ ఉంది.

రఫతున్నీసా

ఆమె పేరు రఫతున్నీసా బేగం. నిలోఫర్ వద్ద పనిచేసిన పరిచారిక. 1949లో తగిన వైద్య సదుపాయం అందక ప్రసవ సమయంలో మరణించింది.

ఆ సంవత్సరాన్ని గుర్తు చేసుకోండి. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన ముగిసింది. ఎన్నో ముస్లిం కుటుంబాలు సంపాదించే మనిషిని కోల్పోయాయి, ఎందరో కొలువులు పోయి వీధిన పడ్డారు. 1949 ఆగస్టులో జాగీర్దారీ విధానం రద్దయింది. ఉన్నవారు తమ ఆస్తులను ఎలా కాపాడుకోవాలా అని లెక్కలు చూసుకుంటున్న కాలమది. నిలోఫర్ సొంత సంసారం కూడా అప్పటికే బీటలు వారింది. అటువంటి వేళ ఒక పనిమనిషి చనిపోతే పెద్ద ఇళ్లలో సాధారణంగా జరిగేది మనకు తెలుసు. కఫన్‌కు డబ్బులిస్తారు, కొన్నాళ్లపాటు ఆ ఇంటికి బియ్యం పంపుతారు, ఫకీర్లకు అన్నం పెట్టిస్తారు. అవన్నీ మంచి పనులే. వాటిని నేను తక్కువ చేయడం లేదు.

కాని నిలోఫర్ అక్కడ ఆగలేదు. ఇటువంటి మరణం మరొక స్త్రీకి రాకూడదని నిశ్చయించుకుంది. మామగారైన నిజామును ఒప్పించింది. స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకంగా ఆసుపత్రి నిర్మాణం జరిగింది. వంద పడకలతో 1953లో అది ఆరంభమైంది. అంతకు ఒక ఏడాది ముందే, 1952లో, మొఅజ్జం జాహ్‌తో ఆమె వివాహ బంధం ముగిసింది. ఆసుపత్రి మొదలయ్యేనాటికి ఆమె నిజాం కోడలు కాదు. పదవి పోయింది, భవనం పోయింది, పని మాత్రం నిలిచింది.

తరువాత ఆమె తల్లితోపాటు ఫ్రాన్సులో జీవించింది. 1963లో ఒక అమెరికన్‌ను వివాహమాడింది. 1989 జూన్ 12న పారిస్‌లో మరణించగా, బోబిన్యీలోని ముస్లిం ఖబ్రస్తాన్‌లో తల్లి సమాధి చెంతనే ఖననం చేశారు. ఆమె సమాధి హైదరాబాదుకు కొన్ని వేల మైళ్ల దూరంలో ఉంది. ఆమె సదఖా జారియా మాత్రం రెడ్ హిల్స్‌లో రాత్రింబగళ్లు సాగుతూనే ఉంది.

దయ ఎక్కడ ముగుస్తుంది?

సోదరులారా, సోదరీమణులారా! మనం హక్కుల గురించి మాట్లాడే వేదికపై ఉన్నాం. ఒక రాచకోడలి దానగుణాన్ని ఇక్కడ పొగడటం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే.

ఆసఫ్‌జాహీ వంశపు సంపద ఆకాశం నుంచి ఊడిపడలేదు. తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక ప్రాంతాల రైతులు చెల్లించిన శిస్తుతో ఆ ఖజానా నిండింది. అందులో హిందువు చెమట, ముస్లిము చెమట, దళితుని చెమట కలిసి ఉన్నాయి. అందుచేత పేదవానికి ఆసుపత్రి కట్టించడం ప్రభువు అనుగ్రహం కాదు, బాకీ తీర్చడం. ఇది నేడు కొత్తగా పుట్టిన సిద్ధాంతం కాదు. సంపన్నుని సొమ్ములో అడిగేవారికి, అడగలేని నిస్సహాయులకు 'హఖ్' ఉన్నదని దివ్య ఖుర్ఆన్ బోధిస్తుంది. ఆ హఖ్ అనే అరబీ పదమే మన తెలుగులో 'హక్కు' అయింది. జకాత్ ఇచ్చేవాడు తన సొమ్ము పంచడం లేదు, తన దగ్గర నిలిచిపోయిన ఇతరుల సొమ్మును అప్పగిస్తున్నాడు.

నిలోఫర్ కథలో నన్ను ఆకర్షించేది ఇదే. ఆమె దయ ఒక కుటుంబంతో ముగిసిపోకుండా ఒక సంస్థగా నిలబడింది. ఆ సంస్థ నేడు ప్రభుత్వాసుపత్రి, ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధ బోధనాసుపత్రి. అక్కడికి వచ్చే తల్లిని నీ మతమేమిటని ఎవరూ అడగరు. ఎవరి సిఫారసు చీటీ అవసరం లేదు. ఆమె భిక్షకురాలిగా రాదు, పౌరురాలిగా వస్తుంది. పడక లేకపోతే నిలదీసి అడిగే అధికారం ఆమెకుంది. దానం హక్కుగా మారడమంటే ఇదే.

రఫతున్నీసాలు ఇంకా ఉన్నారా?

ఉన్నారు. 2018-20 సంవత్సరాల ప్రభుత్వ నమూనా నమోదు లెక్కల ప్రకారం మన దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు మరణించారు. తెలంగాణలో ఆ సంఖ్య 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. జాతీయ సగటుతో పోల్చితే ఇది మెరుగే, సంతోషించదగినదే. కాని అదే లెక్కలలో కేరళ సంఖ్య 19. అంటే మన దగ్గర మరణించిన తల్లులలో సగానికి పైగా బతకదగినవారే.

ప్రసవానంతర రక్తస్రావం, అధిక రక్తపోటు వల్ల వచ్చే మూర్ఛలు, ఇన్ఫెక్షన్లు, వీటన్నిటినీ మరింత ప్రమాదకరం చేసే రక్తహీనత. తల్లుల ప్రాణాలు తీసే ప్రధాన కారణాలివి. వీటిలో వైద్యానికి లొంగనిది దాదాపు లేదు. కాలమే శత్రువు. వైద్య నిపుణులు మూడు జాప్యాల గురించి చెబుతారు. ఆసుపత్రికి తీసుకుపోవాలని ఇంట్లో నిర్ణయించడంలో జాప్యం, ఆసుపత్రి చేరడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం. రెండవ, మూడవ జాప్యాలకు ప్రభుత్వాన్ని నిలదీద్దాం. మొదటి జాప్యానికి ఎవరిని నిలదీయాలి? "ఇంకాసేపు చూద్దాం, మా కాలంలో ఇంట్లోనే పుట్టలేదా" అనే పెద్దలను, "ఆయన వచ్చాక అడుగుదాం" అని ఎదురుచూసే ఇంటిని నిలదీయాలి. రక్తం పోతున్న స్త్రీ ప్రాణానికి గంటల గడువు కూడా ఉండదు.

ప్రభుత్వం వైపు బాధ్యత కూడా చిన్నది కాదు. ముస్లిములు గణనీయంగా నివసించే పెద్ద గ్రామాలలో సుమారు 40 శాతం గ్రామాలకు వైద్య సదుపాయం లేదని 2006లో సచార్ కమిటీ నివేదించింది. అదే కమిటీ మరొక విశేషాన్ని కూడా గుర్తించింది. పేదరికం ఉన్నప్పటికీ ముస్లిం కుటుంబాలలో శిశు మరణాలు దేశ సగటుకన్నా తక్కువ. మన తల్లులు ఉన్నదానితోనే బిడ్డలను కాపాడుకుంటున్నారన్నమాట. ఇక వారికి చేరవలసింది దగ్గరలో ఒక ఆరోగ్య కేంద్రం, అందులో మర్యాదగా మాట్లాడే సిబ్బంది.

మన వంటింటి ప్రశ్న

ఇప్పుడు చెప్పబోయేది కొంత చేదుగా ఉండవచ్చు. రఫతున్నీసా ఒక ముస్లిం ఇంట్లో పనిచేసిన ముస్లిం స్త్రీ. మన ఇళ్లలో గిన్నెలు తోమే, బట్టలు ఉతికే అమ్మాయి నెలలు నిండుతున్నప్పుడు మనం ఏం చేస్తున్నాం? పరీక్షలకు వెళ్లిన రోజు జీతం కోస్తున్నామా? ప్రసవించిన నెలకే తిరిగి రాకపోతే మరొకరిని పెట్టుకుంటున్నామా? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, 2017లో 26 వారాల సెలవుగా సవరించిన తరువాత కూడా, ఇళ్లలో పనిచేసే స్త్రీ గడప దగ్గరే ఆగిపోయింది. ఆమె యజమాని మనమే. చట్టం అందని చోట మన అంతరాత్మ అందుకోవాలి. మైనారిటీల హక్కులను ప్రభుత్వం నుంచి కోరే మనం, మన ఇంట్లోని బలహీనురాలి హక్కును ఎగవేస్తే ఆ కోరికకు బలముండదు.

అందుచేత నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, ఇంట్లో పనిచేసే గర్భిణికి పరీక్షల రోజులలో, ప్రసవానికి ముందూ తరువాతా జీతంతో కూడిన సెలవు ఇద్దాం. రెండవది, 2011 నుంచి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రులలో కాన్పు, అవసరమైతే ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రవాణా ఉచితం. ఈ సంగతిని జుమా నమాజు తరువాత ప్రతి మసీదులో ఒకసారి ప్రకటింపజేద్దాం. మూడవది, ప్రతి బస్తీలో రక్తదాతల జాబితా, అర్ధరాత్రి పిలిచినా వచ్చే వాహనం సిద్ధంగా ఉంచుదాం. నాలుగవది, మన దగ్గరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే వినతిపత్రం ఇద్దాం, సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం, జవాబు వచ్చేదాకా వదలకుండా ఉందాం. వీటిలో ఏదీ చేయడానికి రాచరికపు ఖజానా అక్కరలేదు.

నిలోఫర్ అనే పారశీక పదానికి మూలం మన నీలోత్పలమేనని భాషావేత్తలు చెబుతారు. ఇక్కడి నల్లకలువ పేరు పారశీకం, టర్కీల మీదుగా తిరిగి, ఒక కాందిశీక బాలిక పేరుగా మళ్లీ ఈ గడ్డకే వచ్చి ఒక ఆసుపత్రి గోడపై నిలిచింది. ఆ గోడపై రఫతున్నీసా పేరు లేదు. ఇకమీదట ఆ దారిన వెళ్లినప్పుడు ఆమె పేరు కూడా మీ బిడ్డలకు చెప్పండి. ఒక సంపన్న స్త్రీ తన దగ్గర పనిచేసిన పేద స్త్రీ ప్రాణాన్ని తన ప్రాణంతో సమానంగా లెక్కించిన రోజున ఆ ఆసుపత్రికి మొదటి రాయి పడిందని చెప్పండి.

అల్లాహ్ ఆ ఇద్దరు స్త్రీలనూ తన కారుణ్యంలోకి తీసుకొనుగాక. మన ఇళ్లలో, మన వీధులలో ఏ తల్లీ నిర్లక్ష్యానికి బలికాకుండా పాటుపడే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.