మ్యాప్‌కి తెలిసిన ట్రాఫిక్ సిగ్నల్‌కి ఎందుకు తెలీదు?

మీలో చాలామంది ఈ ఎపిసోడ్ బస్సులోనో మెట్రోలోనో కూర్చుని చూస్తారని నాకు తెలుసు. బండి నడుపుతూ మాత్రం చూడకండి, ప్లీజ్.

పోయిన వీడియో కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, మ్యాప్స్‌లో రోడ్డు ముందే ఎర్రగా కనిపిస్తోంది కదా. ట్రాఫిక్ ఉందని నా ఫోన్‌కి తెలిసినప్పుడు ఆ జంక్షన్‌లో ఉన్న సిగ్నల్‌కి ఎందుకు తెలీదు? అటు ఎవరూ లేని రోడ్డుకి గ్రీన్ ఇచ్చి, ఇటు మమ్మల్ని మూడు నిమిషాలు ఎందుకు నిలబెడుతుంది?"

నేను నాలుగేళ్లు ఐటీ కారిడార్‌కి బైక్ మీద వెళ్లొచ్చినవాడిని. ఇదే ప్రశ్న హెల్మెట్ లోపల చాలాసార్లు గట్టిగానే అడుక్కున్నా. సరే, ఈరోజు విప్పి చూద్దాం.

ముందు ఫోన్ సంగతి. మ్యాప్‌లో ఆ ఎర్రగీత ఎక్కడి నుంచి వస్తుంది? శాటిలైట్ పైనుంచి ఫొటో తీస్తుందని చాలామంది అనుకుంటారు. రోడ్డు మీద ఉన్న పోలీస్ కెమెరాల నుంచి వస్తుందని ఇంకొందరు అంటారు. అసలు ఆ గీత గీసేది మనమే. లొకేషన్ ఆన్‌లో పెట్టి మ్యాప్స్ వాడుతున్న ఫోన్లు, "నేను ఇక్కడున్నా, ఇంత స్పీడ్‌లో కదులుతున్నా" అని సర్వర్‌కి చెప్తూ ఉంటాయి. గూగుల్ ఈ మాట 2009లోనే బయటపెట్టింది. మామూలుగా 40లో వెళ్లే రోడ్డు ముక్క మీద ఫోన్లన్నీ 6లో పాకుతుంటే ఆ ముక్క ఎర్రబడుతుంది. అంతే. దానికి పాత రోజుల లెక్క కలుపుతారు. సోమవారం సాయంత్రం ఆరింటికి ఈ రోడ్డు ఎలా ఉంటుందో దాని దగ్గర ముందే ఉంది. ఆ రెండూ కలిపితేనే మీకు "34 నిమిషాలు" అని వస్తుంది.

దీన్ని బాగా అర్థం చేసుకున్నవాడు ఇంజనీర్ కాదు, ఒక ఆర్టిస్ట్. బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే ఆయన 99 పాత ఫోన్లు ఒక చిన్న తోపుడుబండిలో పెట్టుకుని, అన్నిట్లో మ్యాప్స్ ఆన్ చేసి, ఖాళీ వీధుల్లో నింపాదిగా నడుచుకుంటూ వెళ్లాడు. మ్యాప్‌లో ఆ వీధులు ఎర్రబడిపోయాయి. 2020 ఫిబ్రవరిలో ఆ వీడియో పెట్టాడు. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా మ్యాప్‌కి మాత్రం అది ఫుల్ జామ్. దీని మీద గూగుల్ వాళ్లు సరదాగానే స్పందించారు. ఇండియా లాంటి దేశాల్లో కార్లనీ బైకుల్నీ వేరుచేసి చూడటం వచ్చింది గానీ, తోపుడుబండిని ఇంకా పట్టుకోలేకపోతున్నాం అన్నారు.

ఇది విని నవ్వుకుని వదిలేయకండి, అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. ఫోన్ చెప్పేది స్పీడ్ మాత్రమే. ఆ రోడ్డు మీద 50 బండ్లు ఆగాయా 200 ఆగాయా అన్నది నేరుగా చెప్పదు. రోజూ ఆఫీస్‌కి వెళ్లేవాడు దారి తెలుసు కాబట్టి మ్యాప్స్ ఆన్ చెయ్యడు. కొత్తగా వచ్చినవాడు, క్యాబ్ అన్న, డెలివరీ చేసే తమ్ముడు ఆన్ చేస్తారు. నీలాంటివాళ్లు ఎంతమంది ఆగారో తెలుసుకోవాలంటే ఫోన్ల మీద అంచనా వెయ్యాలే తప్ప లెక్కపెట్టలేం. దారి చూపించడానికి ఈ స్పీడ్ చాలు. సిగ్నల్ నడపడానికి చాలదు. సిగ్నల్‌కి కావాల్సింది బండ్ల లెక్క.

ఎందుకో చెప్తా. కొంచెం లెక్కలు వస్తాయి, స్కిప్ చెయ్యకండి.

1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్ అనే ఇంజనీర్ ఒక ఫార్ములా ఇచ్చాడు. సివిల్ వాళ్లకి గుర్తొచ్చే ఉంటుంది. నేను సీఎస్‌ఈ, నాకిది హాస్టల్‌లో రూమ్మేట్ చెప్పాడు. నాలుగు వైపులా ఒక రౌండ్ పూర్తవడానికి సిగ్నల్ ఎన్ని సెకన్లు తీసుకోవాలి అన్నదే లెక్క. రెండు విషయాలు కావాలి. ఒకటి, వృథా అయ్యే టైమ్. గ్రీన్ పడగానే ముందున్న అంకుల్ గేర్ వెయ్యాలి, ఆగేటప్పుడు మధ్యలో ఉన్న బండ్లు క్లియర్ అవ్వాలి. ఒక్కో వైపుకి 4 సెకన్లు పోయాయి అనుకుందాం, నాలుగు వైపులకి 16. రెండోది, ఒక్కో వైపు గంటకి వస్తున్న బండ్లని, గంటంతా గ్రీన్ ఉంటే ఎన్ని వెళ్లగలవో దానితో భాగించాలి. నాలుగు వైపులవీ కలపాలి. వృథా టైమ్‌ని ఒకటిన్నరతో గుణించి, 5 కలిపి, ఒకటిలోంచి ఈ మొత్తాన్ని తీసేసిన దానితో భాగిస్తే రౌండ్ టైమ్ వస్తుంది.

ఇప్పుడు చూడండి. మొత్తం 0.6 వస్తే రౌండ్ సుమారు 72 సెకన్లు. అంటే మధ్యాహ్నం పూట. 0.8 వస్తే 145 సెకన్లు. 0.9కి వెళ్తే 290, దాదాపు ఐదు నిమిషాలు! ట్రాఫిక్ కొంచెమే పెరిగింది, రౌండ్ మాత్రం రెట్టింపయ్యింది. ఒకటికి వెళ్తే? డివైడ్ బై జీరో. కోడ్ రాసేవాళ్లకి ఆ ఎర్రర్ గురించి నేను చెప్పక్కర్లేదు. జంక్షన్ పట్టగలిగినదానికంటే ఎక్కువ బండ్లు వస్తుంటే ఏ టైమింగ్ పెట్టినా క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఏఐ పెట్టండి, ఇంకేదైనా పెట్టండి, సిగ్నల్ రోడ్డుని వెడల్పు చెయ్యలేదు. "స్మార్ట్ సిగ్నల్‌తో ట్రాఫిక్ ఫ్రీ సిటీ" అని ఎవరైనా అంటే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

మరి 0.6కీ 0.9కీ మధ్యలో ఉన్నప్పుడు? అక్కడే సిగ్నల్‌కి తెలివి ఉంటే పని జరుగుతుంది. చాలా చోట్ల సిగ్నల్స్ ఫిక్స్‌డ్ టైమ్‌లో నడుస్తాయి. ఎప్పుడో చేసిన లెక్క ప్రకారం పెట్టిన సెకన్లు పొద్దునా అవే, రాత్రీ అవే. దీనికి మందు సిడ్నీ వాళ్లు 1970లలోనే తయారు చేశారు. దాని పేరు స్కాట్స్. స్టాప్ లైన్ దగ్గర రోడ్డు కింద తీగచుట్ట పాతిపెడతారు. పైనుంచి ఇనుము వెళ్తే తెలిసిపోతుంది. ఎన్ని వెళ్లాయి, ఎంత గ్యాప్‌తో వెళ్లాయి అని చూసి తర్వాతి రౌండ్‌కి సెకన్లు మారుస్తుంది.

మన దగ్గర ఆ తీగచుట్టతో వచ్చిన చిక్కు ఏంటంటే, అది లేన్‌లో ఒకదాని వెనక ఒకటి వచ్చే కార్ల కోసం చేసింది. మన స్టాప్ లైన్ దగ్గర రెండు లేన్లలో ఎన్ని బైకులు పడతాయో మీకు తెలుసు. ఆటో అడ్డంగా, స్కూటీ దాని పక్క సందులో, డెలివరీ బాయ్ అందరికంటే ముందు జీబ్రా లైన్ మీద. అందుకే మన దగ్గర కెమెరాతో లెక్కపెట్టడం మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. దానికీ వాన, చీకటి, బస్సు వెనక దాక్కున్న బైకులు, ఇవన్నీ పరీక్షలే.

ఇక పీక్ అవర్‌లో జంక్షన్ చేతికొచ్చేది ఎవరికి? కానిస్టేబుల్ అన్నకి. పక్కన ఉండే స్టీల్ పెట్టె తెరిచి మాన్యువల్‌లో పెట్టుకుంటాడు. ఆయన కళ్లకి కనిపించేదాన్ని ఏ సెన్సార్ కూడా అంత బాగా చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆయనకి కనిపించనిది ఒకటుంది, తర్వాతి జంక్షన్. రెండు సిగ్నల్స్ మధ్య 500 మీటర్లు ఉన్నాయనుకోండి. 36 స్పీడ్‌లో వెళ్తే సెకనుకి 10 మీటర్లు, అంటే 50 సెకన్లలో అక్కడికి చేరతాం. ఇక్కడ గ్రీన్ పడ్డ 50 సెకన్లకి అక్కడ గ్రీన్ పడితే ఆగకుండా వెళ్లిపోతాం. దీన్నే గ్రీన్ వేవ్ అంటారు. ఈయన పాపం అని ఒక వైపు నాలుగు నిమిషాలు వదిలేస్తే ఆ లెక్క చెదిరిపోతుంది. వదిలిన బండ్లన్నీ పోయి ముందు జంక్షన్‌లో నిండిపోతాయి. తోక వెనక్కి పెరిగి మళ్లీ ఈయన దగ్గరికే వస్తుంది.

అయితే ఫోన్ లెక్క సిగ్నల్ దాకా అసలు రావట్లేదా అంటే, కొంచెం వస్తోంది. 2023 అక్టోబర్‌లో గూగుల్ గ్రీన్ లైట్ అనే ప్రాజెక్ట్ ప్రకటించింది. 12 నగరాల్లో 70 జంక్షన్లు, అందులో మన హైదరాబాద్, ఇంకా బెంగళూరు, కోల్‌కతా ఉన్నాయి. ఫోన్ల కదలికని బట్టి బండ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ మళ్లీ బయల్దేరుతున్నాయి అని చూసి, "ఈ సిగ్నల్ టైమింగ్ ఇలా మార్చి చూడండి" అని అక్కడి ఇంజనీర్లకి సలహా ఇస్తుంది. ఒప్పుకోవాలో వద్దో వాళ్లిష్టం. ఆగడాలు 30 శాతం దాకా తగ్గే అవకాశం ఉందని మొదటి లెక్కల్లో చెప్పారు. అది కంపెనీ చెప్పిన నంబర్, "దాకా" అనే మాట కూడా చూసుకోండి. నాకు నచ్చింది వేరే. రోడ్డు తవ్వక్కర్లేదు, కొత్త పెట్టె కొనక్కర్లేదు. కానీ ఇది లైవ్ కాదు. ఇప్పుడు, ఈ నిమిషంలో మీరు ఆగారని తెలిసి గ్రీన్ ఇచ్చేది కాదు.

సమాచారం మనకి ముందు వచ్చి సిగ్నల్‌కి తర్వాత వస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక చిన్న ఊరు చూసింది. న్యూజెర్సీలో లియోనియా. మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉన్న రాష్ట్రమే. న్యూయార్క్‌కి వెళ్లే జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జ్ దగ్గర ఉంటుంది. బ్రిడ్జ్ జామ్ అవగానే యాప్స్ అందర్నీ ఆ ఊరి వీధుల్లోకి పంపేవి. ఇంట్లోంచి కారు బయటికి తియ్యలేని పరిస్థితి. 2018 జనవరిలో వాళ్లు విసిగిపోయి, పీక్ టైమ్‌లో బయటివాళ్లు వీధుల్లోకి రాకూడదని, వస్తే 200 డాలర్ల ఫైన్ అని రూల్ పెట్టారు. తర్వాత కోర్టులో అది నిలవలేదు. మీ కాలనీ గల్లీలో ఈమధ్య క్యాబ్‌లు ఎక్కువయ్యాయి అనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు. యాప్ మీ ఒక్కరికి రెండు నిమిషాలు మిగులుస్తుంది. ఆ గల్లీలో ఆడుకునే పిల్లలు దాని లెక్కలో లేరు.

లెక్కలో లేనివాళ్లు ఇంకా ఉన్నారు. 2025 జనవరిలో హైదరాబాద్ మెట్రోలో ఒక గుండెని తీసుకెళ్లారు, గుర్తుందా? ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్, 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. 2021లో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కి కూడా ఇలాగే తీసుకెళ్లారు. అందరం షేర్ చేశాం, గొప్ప పని, డౌట్ లేదు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి, గుండెని మెట్రో ఎందుకు ఎక్కించాల్సి వచ్చింది? కింద రోడ్డు మీద నమ్మకం లేక. రోడ్డు మీద గ్రీన్ కారిడార్ పెట్టాలంటే జంక్షన్ జంక్షన్‌కీ పోలీసులు నిలబడి, వైర్‌లెస్‌లో చెప్పుకుంటూ చేతులతో నడపాలి. అలా రోజుకి ఎన్ని పెట్టగలరు?

108 మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది. అందులో ఉన్న మామూలు పేషెంట్‌కి కారిడార్ ఉండదు. సైరన్ మోగుతుంది, ముందున్న కారుకి జరగడానికి జాగా ఉండదు, సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. అంబులెన్స్‌లో జీపీఎస్ ఉంటుంది. సిగ్నల్ పెట్టెకి నెట్‌వర్క్ ఇవ్వొచ్చు. అంబులెన్స్ 300 మీటర్ల దూరంలో ఉండగానే ఆ వైపు గ్రీన్ ఇచ్చి, ముందున్న క్యూని ఖాళీ చేయించే పద్ధతి ప్రపంచంలో దశాబ్దాలుగా ఉంది. సాఫ్ట్‌వేర్‌గా చూస్తే ఇది కష్టమైన ప్రాబ్లం కాదు, నన్ను నమ్మండి. అంబులెన్స్ ఒకరిది, సిగ్నల్ ఇంకొకరిది, రోడ్డు మూడోవాళ్లది, ఫోన్ లెక్క ఒక ప్రైవేట్ కంపెనీది. వీళ్లందర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడమే కష్టం. నాకైతే సిటీలో స్మార్ట్ సిగ్నల్‌కి ఖర్చుపెట్టే మొదటి రూపాయి అంబులెన్స్‌కే వెళ్లాలి, రెండోది బస్సుకి. సిగ్నల్ లెక్కలో ఒక బస్సుని రెండు మూడు కార్లతో సమానం చేస్తారు, లోపల 60 మంది ఉన్నా సరే.

సరే, మీకో చిన్న పని. మీ ఇంటి దగ్గర జంక్షన్‌లో, ఫుట్‌పాత్ మీద నిలబడి మాత్రమే, రెడ్ ఎన్ని సెకన్లు ఉందో వరుసగా మూడు రౌండ్లు చూడండి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి. అన్నిసార్లూ ఒకే నంబర్ వస్తే అది ఫిక్స్‌డ్ టైమ్. సెకన్లు మారుతుంటే, లేదా కౌంట్‌డౌన్ డిస్‌ప్లే మధ్యలో దూకుతుంటే, అక్కడ ఏదో లెక్కపెడుతోందని అర్థం, లేదా కానిస్టేబుల్ అన్న పెట్టె తెరిచాడని అర్థం. జంక్షన్ పేరు, మీకు వచ్చిన నంబర్లు కామెంట్‌లో పెట్టండి. అన్నీ ఒక షీట్‌లో ఎక్కించి లింక్ ఇస్తా. వచ్చే వారం ఫాస్టాగ్ మీద వీడియో ఉంది, అప్పుడు కలుద్దాం. బై.