కొడిశపాల, అంకుడు: ఒక బెరడు చరిత్ర

ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ వైద్యులు మందు గుణం కన్నా ముందు చెట్టు ఏదో తేల్చాలనేవారు. కొడిశపాల బెరడు జిగట విరేచనాలకు మందని, దానితో కుటజారిష్టం చేస్తారని, గింజల్ని ఇంద్రయవలంటారని ఈ సభకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సంహితల నుంచి నిఘంటువుల దాకా ఉన్న దీర్ఘకాలాన్ని దాటేస్తున్నాను. ఒకరు చెప్పిందే మరొకరు చెప్పడం అందులో ఎక్కువ. నా వాదన ఒక్కటే: ఈ బెరడుకు ఐరోపాలో పేరు పోయింది గుణం లేక కాదు, దాని చోట అంకుడు జాతి బెరడు చేరడం వల్ల.

17వ శతాబ్దం చివర వెలువడిన మలబారు మొక్కల గ్రంథం హోర్టస్ మలబారికస్‌లో కొడగపాల పేరుతో మన కొడిశపాల బొమ్మ ఉంది. 1753లో లిన్నేయస్ ఆ మలబారు చెట్టునూ సింహళంలోని వేరే మొక్కనూ కలిపి నీరియం యాంటీడిసెంటెరికం అన్నాడు. జిగట విరేచనాలను పోగొట్టేదన్న ఆ బిరుదు చివరికి సింహళపు మొక్కకే దక్కింది. అదేమో అంకుడుకు దగ్గరి చుట్టం! 1810లో రాబర్ట్ బ్రౌన్ వచ్చి కొడిశపాలను హోలరినా, అంకుడు జాతిని రైటియా అని రెండు ప్రజాతులుగా విడదీశాడు గానీ, అప్పటికే చిక్కు పడిపోయింది. కోనెస్సీ బెరడు పేరిట ఐరోపాకు చేరిన కొడిశపాల సరుకు కొంతకాలం మన్నన పొంది మూలపడింది. రైటియా బెరడు కలవడమే అందుకు కారణం కావచ్చని 19వ శతాబ్దపు ఔషధ గ్రంథకర్తలే రాశారు. అంతకు ముందే, 18వ శతాబ్దం చివర, మన తీరాన సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అంకుడును పట్టించుకున్నది మందు కోసం కాదు, ఆకు నుంచి నీలిరంగు తీయడానికి. అందుకే దానికి రంగునిచ్చేదన్న అర్థంలో టింక్టోరియా అని పేరు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది ఆ చెట్టు మెత్తని తెల్ల కర్రతోనే.

ఇక్కడ కొందరు పండితులు అడ్డు తగులుతారు. చరకుడు కల్పస్థానంలో కుటజానికి, అంటే కొడిశపాలకు, పురుష, స్త్రీ భేదాలు చెప్పాడు గదా, అంకుడే స్త్రీ కుటజం, కాబట్టి ఏది వాడినా శాస్త్రసమ్మతమే అంటారు. నాకు ఇది మింగుడుపడదు. పురుష కుటజానికి తెల్ల పూలని, స్త్రీకి ఎరుపు డాలు పూలని అక్కడే ఉంది. మన అంకుడు పూలు తెల్లనివి. నారింజ ఛాయ పూలున్న రైటియా టొమెంటోసాను చూపిస్తే కాసేపు వినొచ్చు. రంగుల మాటలు పూర్వం పట్టుగా వాడలేదంటారా, సరే, రంగు వదిలేద్దాం. ఆ అధ్యాయం దేని గురించి? వమన యోగాల గురించి. వాంతి చేయించే కాయల, గింజల ప్రకరణంలో చెప్పిన భేదాన్ని అతిసారానికి వాడే బెరడు మీదకు ఎక్కించడం ఏ తర్కం? తరతరాలుగా అంకుడు బెరడుతోనూ రోగాలు తగ్గాయి గదా అన్నది మరో ఆక్షేపణ. జిగట విరేచనాల్లో చాలావరకు వారం రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. అలాంటి రోగంలో తగ్గుదల ఒక్కటే మందుకు సాక్ష్యం కాదు. అంకుడుకు వైద్యగుణమే లేదని నేననడం లేదు. సిద్ధవైద్యులు దాని ఆకుతో చేసే తైలం చర్మరోగాలకు వాడతారు. ఆ గౌరవం దానిది, ఈ పని దీనిది.

అధ్యక్షుల వారి చీటీ వచ్చింది, మిగతాది పరుగున చెబుతాను. 1858లో బొంబాయిలో హెయిన్స్ కొడిశపాల బెరడు నుంచి కోనెస్సీన్ అనే ఆల్కలాయిడ్ తీశాడు. 1912లో కలకత్తాలో రోజర్స్ జిగట విరేచనాలకు ఎమెటిన్ సూది మందు తెచ్చాక కొడిశపాల వెనకబడింది. రామనాథ్ చోప్రా దాన్ని మళ్లీ పరిశోధించాడు. 1960ల్లో మెట్రోనిడజోల్ వచ్చి ఆ ముచ్చటా తీరింది. ఇప్పటి ఆయుర్వేద ఫార్మకోపియా కుటజమంటే హోలరినా బెరడేనని రాసుకుంది, కానీ అంగట్లో దొరికేది ఎక్కువగా పొడి. చెట్టున ఉంటే పోల్చడం తేలిక: అంకుడు జంటకాయలు లేతలో కొసల దగ్గర అతుక్కుని ఉంటాయి, కొడిశపాలవి విడిగా వేలాడతాయి, గింజ నమిలితే కొడిశపాలే చేదు. పొడిలో ఈ గుర్తులేవీ మిగలవు. దూడల పారుడు మీద ఈ మందును పరీక్షించదలిస్తే గరివిడి పశువైద్య కళాశాల వారు మొదట బెరడును బెరడుగానే తెప్పించి, కోనెస్సీన్ ఉందో లేదో చూసి, ఆ తరువాతే దూడల దగ్గరకు వెళ్లాలి.